మూలం అనే గడి

ములుగు రోడ్డు మీది మా మిర్చి పరిశోధన కేంద్రంల
నాకొక కొత్త పని తగిలించిండ్రు:
ముప్పై ఏండ్ల ఫీల్డు పుస్తకాలను
కంప్యూటర్ల ఎక్కియ్యాలె.
దీని పేరు జ్ఞాన భాండాగారం.
డైరెక్టర్ సారు రిబ్బన్ కత్తిరించిన నాటి
లడ్డు పొడి
ఇంకా కీబోర్డు సందులల్లనే ఉన్నది.

పుస్తకాలు బీరువల ఉన్నయి.
తాళంచెవి, రిటైరైన హెడ్ క్లర్కు జేబుల.
ఆయన మనుమరాలి చదువుకని కరీంనగర్ పోయిండు.
తాళం పలగ్గొట్టెతందుకు
మూడు సంతకాలు, పదకొండు రోజులు.

తెరిస్తే తుమ్ములు.
మిర్చి ఘాటు కాదు, చెదల మన్ను.
రెండువేల తొమ్మిదిని సగం తిన్నయి,
పదకొండును ఎందుకో ముట్టలే.

అది తస్నీమ్ మేడం పుస్తకం.
ఆకుపచ్చ సిరా, కుదురైన అంకెలు,
ఒక పేజీ మీద చాయ్ గ్లాసు అడుగు ముద్ర.
అంచున పెన్సిల్ తోని, వాలు రాతల:
"ఓదెలు అంటున్నడు –
తామరపురుగు ముందుగాల మడిలకు రాదట.
గట్టు మీది వయ్యారిభామ పూలల్ల
వారం రోజులు విడిది చేస్తదట.
చూడాలె."

చూడాలె కింద రెండు గీతలు.
తర్వాతి పేజీలన్నీ తెల్లగ.
ఆ నెలనే మేడంను బదిలీ చేసిండ్రు.
పుస్తకం బీరువకు,
బీరువ చెదలకు.

ఈ ఏడు నర్సంపేట దిక్కు తోటలల్ల
పువ్వు దులిపితే అరచేయి నల్లబడ్డది.
చేన్లు దున్నేసినోళ్లు
మా గేటు ముందట ఎండిన చెట్లు కుప్పపోసిండ్రు.
మేం లోపల
మేధోమథనమని బ్యానర్ కట్టి,
బిర్యానీ తెప్పించి,
రంగురంగుల చీటీలు గోడకు అతికించినం.
"గీత దాటి ఆలోచించుండ్రి" అన్నడు
హైదరాబాదు నుంచి వచ్చినాయన.
ఫ్యాను గాలికి చీటీలు రాలినయి.
సాయంత్రం ఊడ్చిన పిలగాడు
ఒక్కటి ఏరుకొని, చదివి, మల్ల పడేసిండు.

ఆ రాత్రి ఒక్కన్నే కూసొని
పెన్సిల్ మాటను ఎక్కియ్యబోయిన.
పంట, కాలం, ఆలోచన – అన్నీ నింపిన.
మూలం: ఓదెలు.
ఎర్ర అక్షరాలు లేచినయి,
ఉద్యోగి నంబరు తప్పనిసరి.
ఓదెలుకు నంబరెక్కడిది?
ఇరవై ఆరేండ్లు
కూలి మస్టర్ల బొటనవేలే ఆయన.
మేడం నంబరు కొట్టిన.
వీరు సేవలో లేరు అన్నది.
సేవలనే కాదు, భూమ్మీదనే లేదు మేడం,
కరోనా ఏడు పోయింది.
కాజీపేట దిక్కు గూడ్సు బండి కూత.
ఇగ నా నంబరు కొట్టిన.

పచ్చ టిక్కు.
ధన్యవాదాలు.
మీ ఖాతాలో ఐదు పాయింట్లు చేరినవి.

బుధవారం ఎనుమాముల యార్డుల దొరికిండు ఓదెలు,
బస్తాలకు కావలి.
చపాట రాశి పక్కన గోనె పరుచుకొని
సర్వపిండి తుంచుకుంట తింటున్నడు.
అంతా చెప్పిన.
నంబరు సంగతి సుత చెప్పిన.
నమిలిండు, మింగిండు,
సగం ముక్క నా చేతుల పెట్టిండు.
"ఐదు పాయింట్లకు చాయ్ వస్తదా సారూ?"
రాదన్న.
"మేడం అడిగింది, చెప్పిన.
మల్ల ఎవరడిగిండ్రు?"
నేనేమో అనబోయిన,
ఘాటుకు తుమ్మొచ్చింది.

లేస్తుంటే రాశిల నుంచి ఒక కాయ తీసి
తొడిమె విరిచి, వాసన చూసి,
విత్తనం గురించి
ఇంకొక మాట చెప్పిండు.
జేబుల పెన్ను లేదు.
బస్సుల హన్మకొండ దాకా
దాన్ని నోట్లె తిప్పుకుంట వచ్చిన,
ఎక్కం మరిచిపోతనని భయపడే పిలగాని లెక్క.

రాసిపెట్టిన.
ఎక్కడనో చెప్ప.
కంప్యూటర్ల
మూలం అనే గడి కాడ
కర్సరు కొట్టుకుంటనే ఉన్నది.